జింకకు పెట్టిన గడువు

నా చిన్నప్పుడు సూరత్ పక్కన కామ్‌రేజ్ దాటితే ఇప్పటిలా మేడలు లేవు, చెరకు తోటలూ బీళ్లూ ఉండేవి. ఆ బీళ్లలో రెండు విఘాలు, అంటే ఎకరం పైచిలుకు, మా పెద్దనాన్నవి. మా అమ్మ పోయిన ఏడు, నాన్న నన్ను ఆయన చేతిలో పెట్టి సూరత్ రైలెక్కించాడు. అప్పటికి నాది మూడో తరగతి. ఇక్కడి బడిలో అంతా గుజరాతీ. పలక పట్టుకుని నాలుగు రోజులు గోడవైపు చూస్తూ కూర్చున్నాను, ఐదో రోజు నుంచి పోలేదు. నా చదువు అంతే.

పెద్దనాన్నకు భార్యాపిల్లలు లేరు. రైల్వేలో పట్టాల పని చేసి రిటైరయ్యాడు. బండి కింద పడ్డ జింకలను ఎన్నింటినో తన చేతులతోనే పక్కకు లాగాడట. అందుకని ఆ బీడును జింకల కోసం తయారు చేస్తున్నాడు. సర్కారు తుమ్మను వేళ్లతో సహా పీకి, రేగు మొక్కలు నాటాడు. గడ్డి కోయకుండా నడుమెత్తు పెరగనిచ్చాడు. నదివైపు కంచె తీసేశాడు. మధ్యలో గుంట తవ్వి, బంకమట్టి మెత్తి, పక్కన రాతి మీద ఉప్పుగడ్డ పెట్టాడు. కుక్కను మాత్రం పెంచలేదు.

పక్క పొలం రైతు గట్టు మీద నిలబడి "కాకా హరణ్‌ని ఖేతీ కరే ఛే!" అని నవ్వేవాడు. జింకల సేద్యం చేస్తున్నాడని ఎగతాళి. నాకూ అలాగే ఉండేది. పాలవాళ్లకు అమ్ముకోదగిన గడ్డి, రాని జింకకు వదిలేయడం దుబారా కాక మరేమిటి?

గుంట నింపడం నా పని. రైతు బావి నుంచి బిందెతో మోయాలి. మా గుడిసె ఆ బీట్లోనే, నాతో మాట్లాడేందుకు నా ఈడు వాళ్లు ఒక్కరు లేరు. ఒకరోజు బిందె దింపి గడువు పెట్టాను.

"హోళీ లోపల జింక రాకుంటే నన్ను మా ఊరికి పంపియ్యాలె."

"వస్తె?"

"వస్తె ఉంట."

"అబ్బో, వకీలు బిడ్డవే నువ్వు! సరే పో."

సాయంత్రం గుంట చుట్టూ తడిమట్టిని చేత్తో చదును చేసి, పొద్దున్నే ఇద్దరం జాడలు చూసేవాళ్లం. కుందేళ్లు వచ్చేవి, కౌజులు వచ్చేవి, నెమలి తోక ఈడ్చుకుంటూ పోయేది. నేను వాటిని లెక్కలో వేయలేదు. హోళీకి నాలుగు రోజులుందనగా నా రెండు గౌన్లూ మూట కట్టుకున్నాను.

మర్నాడు పొద్దున మట్టిలో రెండు చీలికల అడుగులు, వరుసగా, ముద్దుగా. నేను వేసిన కేకకు గట్టు మీది రైతు కూడా తిరిగి చూశాడు. ఆ రోజు రెండు రొట్టెలు తిన్నాను. మూట విప్పేశాను. తర్వాత రెండు మూడు రోజులకోసారి ఆ జాడ కనిపిస్తూనే ఉంది. హోళీ కూడా దాటింది.

ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చి బిందెతో బయటికొస్తే, పెద్దనాన్న గుంట పక్కన గొంతుక్కూర్చున్నాడు. చేతిలో ఎండిన మేక గిట్ట. మట్టిలో అద్దుతున్నాడు, జరుగుతున్నాడు, మళ్లీ అద్దుతున్నాడు.

బిందె కింద పడేశాను. "దొంగవు నువ్వు! ఒక్క జింక సుత రాలే. నన్ను మా ఊరికి పంపు!" అని గొంతు చించుకున్నాను. ఇంకా ఏమేమో అన్నాను, అవి చెప్పను.

ఆయన చేతి మట్టి కడుక్కున్నాడు. "మీ నాయినకు మూడు ఉత్తరాలు రాసిన బిడ్డా. జవాబు రాలే. ఏడికని పంపాలె నిన్ను?" అన్నాడు. గిట్టను పొదల్లోకి విసిరేసి లోపలికి పోయాడు.

ఆ తర్వాత నేను ఊరి మాట ఎత్తలేదు. ఎవరూ చెప్పకుండానే నీళ్లు మోశాను. మట్టిని ఎప్పటిలాగే చదును చేసేవాళ్లం, పొద్దున్నే చూసేవాళ్లం. ఆయన మళ్లీ ఎప్పుడూ అడుగులు వేయలేదు. వేస్తే బాగుండునని ఎన్నో పొద్దులు ఎదురుచూశాను. అబద్ధమని తెలిసీ నమ్మేదాన్ని. కానీ వేయమని ఏ మొహంతో అడగను? నా పెళ్లయ్యేదాకా ఆ బీటికి జింక రాలేదు. ఆయనున్నన్నాళ్లూ గుంట ఎండనివ్వలేదు.

నాది కరుకు నోరని సూరత్‌లో మా డిండోలి గల్లీలో అందరికీ తెలుసు. పప్పులో నీళ్లెక్కువైనా, తూకంలో తేడా వచ్చినా మొహం మీదే అడుగుతాను. ఒక్కచోట మాత్రం నోరు మూసుకోవడం నేర్చుకున్నాను.

మొన్న చిన్నకోడలు వచ్చి, "అత్తమ్మా, పొద్దుగాల బావ ఫోన్ చేసిండు. మీరు పండుకున్నరని లేపలే" అంది. బావ అంటే హైదరాబాద్‌లో ఉండే నా పెద్దకొడుకు. వాడి ఫోన్ వచ్చి ఏడాది దాటింది. నేను నాలుగింటికే లేస్తానని ఆ పిల్లకూ తెలుసు.

"ఏమన్నడు?" అని అడిగాను.

మోకాళ్ల నొప్పి ఎట్లుందని అడిగాడట. మందులు వేసుకుంటున్నానా అన్నాడట. చేతిలోని బియ్యం చేట పక్కన పెట్టి, ఆమె చెప్పిందంతా చివరిదాకా విన్నాను.

"మళ్ల చేస్తే, తగ్గిందని చెప్పు" అన్నాను.