పిన్ని నోట రాని పేరు

ప్రతి నెలా బ్యాంకువాళ్లు నా ఖాతా వివరాలకు తాళం వేసి ఈమెయిల్లో పంపుతున్నారు. ఆ తాళం తీయాలంటే నా పేరులో మొదటి నాలుగు అక్షరాలూ, పుట్టిన సంవత్సరమూ కొట్టాలట. నా పేరూ వయసూ ఇక్కడ గుడివాడలో మా వీధికి పాలు పోసే ఆయనకి కూడా తెలుసు కదా, ఇదేం తాళమయ్యా అని నవ్వుకుంటూనే కళ్లజోడు సవరించుకుని కొడుతుంటాను. మొన్న వాన పడుతున్న మధ్యాహ్నం పూట అలా కొట్టబోతూ ఆగిపోయాను. కిటికీలోంచి తడిమట్టి వాసన వస్తోంది గానీ నాకు మాత్రం ఉప్పుగాలీ, ఎండుచేపలూ, వేడెక్కిన జెరాక్స్ మిషనూ కలగలిసిన పాత బందరు వాసన తగిలింది. మీకూ నా వయసే అయితే ఈ జబ్బు సంగతి చెప్పక్కర్లేదు, ఒకటి వెతకబోతే మనకు ఎప్పుడూ ఇంకొకటే దొరుకుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. బందరులో ఒకే గదిలో ఎస్టీడీ బూతూ, జెరాక్సూ, ఇంటర్నెట్టూ నడిపేవాణ్ణి. ఆ ఇంటర్నెట్టు కాసేపు కీచుమని, కాసేపు గురగురలాడి, దానికి బుద్ధి పుట్టినప్పుడు కలిసేది. కంప్యూటరు ముందు ఒకరు కూర్చుంటే వెనకాల నలుగురు నిలబడి, వచ్చిన ఉత్తరం తమకే వచ్చినట్టు చదివేవారు, పెళ్లికొడుకు ఫోటో దిగుతుంటే నుదురు కనబడగానే ఒకరూ, మీసం దాకా వచ్చేసరికి ఇంకొకరూ అభిప్రాయం చెప్పేసేవారు. అది తప్పని ఎవరికీ అనిపించేది కాదు, నిజం చెప్పొద్దూ, నాకూ అనిపించేది కాదు.

అలాంటి చోటికి మా అమ్మ చెల్లెలు, మా పిన్ని, ఒక రోజు పమిట చెంగులో కాగితాలు దాచుకుని వచ్చింది. గిలకలదిండి రేవులో వేలంపాటలో చేపలు కొని, ఎండబెట్టి అమ్ముకునేది పిన్ని. బాబాయి పోయాక వచ్చిన బీమా డబ్బు ముట్టుకోకుండా బ్యాంకులో వేసి ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. తను అద్దెకుంటున్న ఇల్లు అమ్మేస్తానని యజమాని కబురు పెట్టాడు. ఇల్లంటే రెండు గదులే, కానీ వెనక చేపలు ఎండబెట్టే జాగా ఉంది, అది పోతే పిన్నికి బతుకుతెరువు లేదు, అందుకే తనే కొనాలనుకుంది. ఇంటికి అప్పిచ్చే హైదరాబాదు ఆఫీసువాళ్లు బ్యాంకు కాగితాలూ బీమా కాగితాలూ వెంటనే ఈమెయిల్లో పంపమన్నారు.

పిన్ని భయం వేరే. దివిసీమలో ఎక్కడ చూసినా వరిచేలు రొయ్యల చెరువులైపోతున్న కాలం, బాబాయి తమ్ముళ్లిద్దరూ అక్కడ చెరువు కౌలుకు తీసుకుని, పెట్టుబడి కోసం తెలిసినవాళ్లనల్లా అడుగుతున్నారు. ఆ బీమా డబ్బు సంగతి వాళ్ల చెవిన పడకూడదు. “వాళ్లు అడిగితే నేను కాదనలేన్రా అబ్బాయ్, నా చేతి అన్నం తిని పెరిగినోళ్లు. అడక్కముందే ఇల్లు నాదైపోవాలి,” అంది. పోనీ పోస్టులో పంపుదామంటే, పోస్టాఫీసులో కవర్లు తూచే ఆయన చిన్న మరిదికి వియ్యంకుడి వరస. మన వైపు రహస్యం దాచడం కన్నా గంపలో రొయ్యలు దాచడం తేలిక.

అందుకని ఎవరూ రాని ఎండవేళ షట్టరు సగం దించి, ఒక్కొక్క కాగితమే స్కాన్ చేసి, అన్నీ ఒక మూటలా కట్టి దానికి పాస్‌వర్డ్ పెట్టడానికి కూర్చున్నాను. ఆ విద్య కొత్తగా నేర్చుకున్నాను కాబట్టి ఉత్సాహం ఎక్కువ. పాస్‌వర్డు ఉత్తరంలో రాయకూడదు, ఫోనులోనే చెప్పాలి, ఇంకెవరికీ తెలియకూడదు అని పెద్ద పంతులులా పిన్నికి చెప్పాను. పిన్ని చాలాసేపు ఆలోచించి, బీమా కాగితం మీద బాబాయి పేరున్న చోట వేలు పెట్టింది. “ఇది పెట్టు. పెళ్లయిన్నాటి నుంచీ నా నోట రాని మాట. ఇంక ఎవరు వింటారు?” అంది. బాబాయి పేరు రేవులో అందరికీ తెలిసిందేనని అప్పుడు ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. రేషను కార్డు రాయించేటప్పుడు కూడా ఆ పేరు పక్కింటావిడ చేత చెప్పించిన మనిషి మా పిన్ని. అంతకన్నా గట్టి తాళం ఎక్కడుంటుందని నేనూ మురిసిపోయాను.

మూట వెళ్లిపోయింది. సాయంత్రం బూతులోంచి హైదరాబాదుకు ఫోను చేసి పాస్‌వర్డు నేను చెప్పబోతే అటుపక్క ఆఫీసరమ్మ ఒప్పుకోలేదు. ఖాతా ఎవరిదో వాళ్ల నోటితోనే వినాలి, లేకపోతే తెరవనండీ అంది. అవతల ఆ ఇల్లు కొనడానికి వేరేవాళ్లు కాచుక్కూర్చున్నారు, ఆ సాయంత్రం కాగితాలు చూడకపోతే ఇల్లు చెయ్యి దాటిపోతుంది. వేరే పేరు పెట్టి మళ్లీ పంపుదామనుకునేలోగా కరెంటు పోయింది. పంకాలు ఆగిపోయాయి, జెరాక్స్ మిషను ఆగిపోయింది, బయట సముద్రం వైపు నుంచి వచ్చే గాలి తప్ప ఇంకే చప్పుడూ లేదు. బూతు తలుపు ఎప్పుడో విరిగిపోయింది. ఎదురుగా బెంచీ మీద ఫోను కోసం కూర్చున్నవాళ్లలో పిన్ని చిన్న మరిది ఉన్నాడని అప్పుడు చూశాను.

పిన్ని అతన్ని చూసింది. చూసి, రిసీవరు రెండు చేతులా పట్టుకుని, గోడ వైపు తిరిగి, ఆ పేరు మెల్లగా అంది. అటుపక్క వినబడలేదు. ఇంకోసారి అంది, వినబడలేదు. చివరికి కళ్లు మూసుకుని, ఇంట్లోంచి కేకేసి రేవులో ఉన్న మనిషిని పిలిచినట్టు, బాబాయిని పేరు పెట్టి పిలిచింది. ఆ గొంతు నాకిప్పటికీ నిద్రలో వినబడుతుంది, అందులో సిగ్గుంది, దిగులుంది, ఇన్నాళ్లూ పిలవకుండా దాచుకున్నదంతా ఉంది. బెంచీ మీదివాళ్లకు పాస్‌వర్డంటే ఏమిటో తెలియదు, కానీ ఒక ఆడమనిషి పోయిన పెనిమిటిని పేరుతో పిలిచిందని తెలిసింది. ఒకరి తరవాత ఒకరు లేచి, తలలు వంచుకుని రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డారు. చిన్న మరిది అందరికన్నా ముందు లేచాడు. పిన్ని బయటికొచ్చాక, “వదినా, రిక్షా పిలవనా?” అని మాత్రం అడిగాడు.

ఆ తరవాత ఎన్నాళ్లో అతను వచ్చి అడుగుతాడేమోనని పిన్నీ నేనూ బిక్కుబిక్కుమంటూ గడిపాం. అతను రాలేదు. ఇల్లు పిన్నిదైంది. గృహప్రవేశం నాడు మోపిదేవి ప్రసాదం పట్టుకుని వచ్చాడు, వెనక ఆరబెట్టిన చేపల దగ్గర నిలబడి, ఆమె ముఖం చూడకుండా చెప్పాడు. “ఆ రోజు డబ్బు అడుగుదామనే బందరు వచ్చాను వదినా. నువ్వు అన్నయ్య పేరు ఎత్తావు. అంత అవసరం నీకే ఉంటే, నాది ఏపాటిదిలే అని తిరిగెళ్లిపోయా.” పిన్ని లోపలికి వెళ్లి అతనికి అన్నం పెట్టింది.

ఇప్పుడు పిన్ని లేదు, ఆ బూతూ లేదు. ఫోనుకొచ్చే అంకెలు ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు రోజూ హెచ్చరిస్తుంది, నేనూ బుద్ధిగా చెయ్యి అడ్డం పెట్టుకుని కొడతాను. మంచిదే, కాలం అలాంటిది. కానీ వినకూడనిది చెవిన పడితే తమంతట తామే లేచి బయటికెళ్లి నిలబడే మనుషులు ఎటు వెళ్లిపోయారో అనిపిస్తుంది, ఆ బెంచీ మీదివాళ్లను తలుచుకుంటే ఒంటరిగా ఉన్నట్టుంటుంది. పిన్ని ఆ పేరు మళ్లీ ఎన్నడూ పలకలేదు. ఇంత చెప్పుకొచ్చాను గానీ, నేనూ ఆ పేరు ఇక్కడ రాయలేదు.