నిమ్మచెట్టును జరిపిన వేసవి

మా ఆయన ఇరవై ఏళ్లకు పైగా బస్సు నడిపాడు. బెళుగుప్ప దారిలో ఏ మలుపు దగ్గర ఏ గుంత ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. షుగరు ముందు ఆయన కుడికన్నును తీసుకుంది. రెండేళ్లు తిరక్కముందే ఎడమదీ పోయింది. సూదులు వేయించాం, లేజరు పెట్టించాం. చివరిసారి పరీక్ష చేసిన డాక్టరు ఆయన వైపు కాకుండా నా వైపు తిరిగి మాట్లాడడం మొదలుపెట్టగానే నాకు విషయం అర్థమైపోయింది. బయటికొచ్చాక ఆయన అడిగాడు.

"ఏమన్నాడు?"

"మందులు వాడమన్నాడు."

"అబద్ధం చెప్పేటప్పుడు నీ గొంతు సన్నగైతాదే," అన్నాడు.

రాప్తాడులో, హైవేకి రెండు వీధుల వెనక మా ఇల్లు. వంటింటి మెట్టు దిగితే పెరడు. పెరటి చివర నీళ్ల తొట్టి, దాని పక్కనే స్నానాలగది, మరుగుదొడ్డి. మెట్టుకూ తొట్టికీ మధ్య ఉన్నదంతా ఆయన వేసిన తోటే. మాది గరుసు నేల, గడ్డపార వేస్తే నిప్పురవ్వ లేస్తుంది. డ్యూటీ లేని రోజుల్లో ఆయన ఆ నేలను కొట్టికొట్టి గుంతలు తీశాడు. శింగనమలలో ఉండే చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడల్లా చెరువుమట్టిని సంచుల్లో తెచ్చి ఆ గుంతలు నింపాడు. నిమ్మ, దానిమ్మ, రెండు మల్లె పొదలు, ఒక నందివర్ధనం, గోడ మీద కాగితంపూల తీగ. అన్నీ పదేళ్లు దాటిన చెట్లే. తొట్టి దగ్గరికి పోవాలంటే వాటి మధ్య నుంచి వంకరటింకరగా పోవాలి.

చూపు పోయాక కూడా ఆయన ఒక్కడే దిగి వెళ్లి వచ్చేవాడు. ఎలా వెళ్తున్నాడో నేను ఎప్పుడూ నిలబడి చూడలేదు. వెళ్తున్నాడు కదా అనుకున్నాను.

ఉగాది దాటిన కొన్నాళ్లకు, ఒక పొద్దున మొహం కడుక్కోవడానికి దిగినవాడు రక్తంతో తిరిగొచ్చాడు. నిమ్మముల్లు కనుబొమ్మ కింద గీసుకుపోయింది.

"కంట్లో గుచ్చుకొనింటే ఏం గతి?" అని అరిచాను.

"ఆడ ఇంగ పోయేదానికి ఏముండాది?" అని నవ్వాడు.

ఆ వారంలోనే దానిమ్మ కొమ్మ కాలికి అడ్డం పడి తొట్టి అంచు మీద పడ్డాడు. కుడికాలి బొటనవేలి గోరు చీలింది. షుగరు ఉన్న మనిషికి కాలి పుండు మానకపోతే వేలుతో ఆగదని, పాదం దాకా తీసేయాల్సి వస్తుందని ఆసుపత్రిలో చెప్పి ఉన్నారు. నేను రోజుకు మూడుసార్లు ఆ వేలు కడిగి, వెలుతురులోకి తిప్పి, నల్లబడుతోందేమో అని చూసేదాన్ని. కళ్లు పోయిన మనిషికి కాలు కూడా పోతే ఎలా లేపాలి, ఎలా కూర్చోబెట్టాలి, నా నడుముతో ఎన్నాళ్లు మోయగలను. అన్నం తింటున్నా అదే ఆలోచన.

"చెట్లు కొంచెం పక్కకు జరిపిద్దామా?" అని అడిగాను.

"ఈ ఎండల్లోనా? తలకాయుండాదా నీకు?" అన్నాడు.

మళ్లీ అడగలేదు. వేలు కాస్త ఆరగానే ఆడబిడ్డకు ఫోన్ చేసి, నాలుగు దినాలు అన్నను శింగనమలకు పిలుచుకుపొమ్మన్నాను. ఎందుకో చెప్పాను.

"అన్నకు తెలిస్తే నన్ను గూడా తిడతాడు వదినా," అంది.

"కాలు తీసేసినాంక తిట్టేదానికంటే ఇప్పుడు తిట్టించుకుందాం లే," అన్నాను.

ఆయన వెళ్లిన మరుసటి రోజే తోటపనివాణ్ణి పిలిపించాను. దానిమ్మ తోటల్లో కటింగులు చేసే మనిషి, నా ఈడువాడే. పెరడంతా ఒక చుట్టు తిరిగి, నిమ్మ మొదట్లో కూర్చొని మట్టి గీరి చూశాడు.

"అక్కా, ఇది అదును కాదు. ఇప్పుడు ఒగ పక్క వేర్లు తెంచి మన్ను కప్పి పెడతా. కొత్త వేరు పుట్టల్ల. రెండు వానలు పడినాంక రెండో పక్క తెంచి తీద్దాం. అట్లయితే బతుకుతాది."

"వానలు ఎప్పుడు పడతాయప్పా?"

అతను ఆకాశం వైపు చూడను కూడా చూడలేదు. "అది నన్నడిగితే ఎట్లక్కా," అన్నాడు.

"నాకు రెండు మూడు దినాలే ఉండాయి. ఈ నడుమ అంతా ఖాళీ కావల్ల. మెట్టు కాడ్నుంచి తొట్టి దాకా ఏమీ అడ్డం ఉండకూడదు."

మొదటి రోజు దానిమ్మ, మల్లెలు తీశాడు. దానిమ్మను తొడ ఎత్తుకు కోసేసి, మట్టిముద్ద చెదరకుండా గోనెసంచితో కట్టి, లాగి, తూర్పుగోడ పక్కన తీసిన గుంతలో దించాడు. కోసిన కొమ్మల కుప్ప నా భుజాల దాకా వచ్చింది. మొండిగా నిలబడిన ఆ మొదలు వైపు చూడలేక కొమ్మలు ఏరుతూ ఉండిపోయాను. అందుకే రెండోరోజు నిమ్మ దగ్గరికి వచ్చేసరికి అడ్డుపడ్డాను.

"దీన్ని అంత కోయొద్దు. పైపైన తియ్యి చాలు."

"వేరు సగం పోతాదక్కా. పైనంత ఆకుంటే నీళ్లు యాడ్నుంచి తెస్తాది అది? కోసేస్తేనే దానికి మేలు."

"కాయలుండాయి చూడు. చెట్టు చెట్టులాగా ఉండల్ల," అని పట్టుబట్టాను.

చెట్టు చెట్టులా కనబడాలని ఎవరి కోసం పట్టుబట్టానో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ పెరట్లో దాన్ని చూసుకొని మురిసే మనిషికి చూపే లేదు.

గరుసులోకి దిగిన తల్లివేరు ఎంతకీ రాలేదు. చివరికి గడ్డపారతో ఎగదన్నితే ఫట్‌మని విరిగింది. ఆ ఊపుకు మట్టిముద్ద మూడు ముక్కలై రాలిపోయింది. వేర్లు గాలికి వేలాడాయి. అతను చెట్టును గుంతలో నిలబెట్టి మట్టి కప్పాడు. తొట్టిలో ఉన్న నీళ్లన్నీ పోశాను. పెరడు మధ్యలో మనిషి చేతులు చాపుకొని నడిచేంత దారి తేలింది. నేను దాన్ని ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు కూడా వేశాను.

నాలుగోరోజు మధ్యాహ్నం ఆడబిడ్డ ఆయన్ను దింపి వెళ్లిపోయింది. చెబుదామనుకుంటూనే ఉన్నాను. నీళ్లు తాగాడు, చొక్కా విప్పాడు, నేను నోరు తెరిచేలోపే మెట్టు దిగాడు. ఐదారు అడుగులు వేసి ఎడమ చెయ్యి చాపాడు. గాలి తగిలింది. ఇంకొంచెం చాపాడు. ముక్కుతో వాసన పట్టాడు. తర్వాత రెండు చేతులూ ముందుకు పెట్టి తడుముతూ అక్కడే గుండ్రంగా తిరిగాడు.

"చెట్టు యాడ?"

"గోడ పక్కకు పెట్టించినా. నీకు తగలకుండా."

"దానిమ్మ?"

"అది గూడా."

"నిమ్మాకు వాసనొస్తే ఎడమకు తిరిగేవాన్ని. దానిమ్మ కొమ్మ భుజానికి తగిల్తే తొట్టి వచ్చినట్ల. మల్లెపొద కాలికి రాసుకుంటే మరుగుదొడ్డి తలుపు. నాకు దోవే అది," అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. మామూలుగానే చెప్పాడు. తర్వాత ఇంటి వైపు అనుకొని గోడ వైపు నడిచాడు. నేను పరుగెత్తి చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. మళ్లీ ఆయనే చెయ్యి చాపాడు, ఇంకో దారి లేక.

ఆ రోజు నుంచి ఆయన ఒంటరిగా మెట్టు దిగలేదు. మరుగుదొడ్డికి పోవాలన్నా నన్ను పిలవాలి. నిండు బస్సును ఘాట్లలో దింపిన మనిషి, తలుపు బయట నేను నిలబడి ఉన్నానా లేదా అని లోపలి నుంచి దగ్గి చూసేవాడు. నేను కూరగాయలకు వెళ్తే, వచ్చేదాకా ఓర్చుకొని కూర్చునేవాడు. నీళ్లు తాగడం తగ్గించేశాడు. ఎందుకో తెలిసిన రోజు వంటింట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చాను.

బయట చెట్లదీ నీళ్ల కరువే. కుళాయి నాలుగు రోజులకు ఒకసారి వచ్చేది. బియ్యం కడిగిన నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు, ఆయన స్నానం నీళ్లు, అన్నీ పట్టి మోశాను. నాలుగు కర్రలు పాతి నా పాత చీరలతో పందిరి వేశాను. మొదటి వారంలోనే మల్లెలు ఎండిపోయాయి. నిమ్మాకు ముందు ముడుచుకుంది, తర్వాత పసుపుకు తిరిగింది, తర్వాత ముట్టుకుంటే రాలింది. కాయలు చెట్టు మీదే గట్టిపడి గోలీల్లా అయ్యాయి. చెట్టు ఎట్లుందని ఆయన అడిగేవాడు కాదు. అడిగితే ఏం చెప్పాలో అని నేను రోజూ భయపడేదాన్ని.

ఒక సాయంత్రం తట్టుకోలేక కొమ్మలు కోసే కట్టరు తీసుకొని నిమ్మ దగ్గరికి వెళ్లాను. ఎక్కడ కోయాలో తెలియదు. ఏడుస్తూ చేతికందిన కొమ్మనల్లా కోస్తున్నాను. మెట్టు మీద నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఏం కోస్తాండావు?"

"నిమ్మ."

"గోరుతో బెరడు గీరి చూడు. లోపల పచ్చగుందా?"

గీరాను. "లేదు."

"కిందికి రా. ఆడ?"

"లేదు."

"ఇంగా కింద."

మోకాలి ఎత్తులో, ఒక పక్క మాత్రం, సన్నగా పచ్చ గీత కనబడింది. చెప్పాను. తనను తీసుకుపొమ్మన్నాడు. చెయ్యి పట్టుకొని తీసుకెళ్లాను. చెట్టు ముందు గొంతుక్కూర్చొని, వేళ్లతో మొదలంతా తడిమి, పచ్చగా ఉన్న చోట తన వేలు నా చేత పెట్టించుకొని, రంపం అడిగాడు. తానే కోశాడు. అంత పెద్ద చెట్టు మోకాలి ఎత్తు మోడైంది. కోసిన చోట పేడ పూయమన్నాడు. ఆయన ముంజేతుల నిండా ముళ్ల గీతలు. తుడవబోతే, "ఉండనీ," అన్నాడు.

"నిన్ను అడగకుండా చేసినా. తప్పు నాదే," అన్నాను.

"అడిగినావు కదా. నేనే వద్దన్నా," అన్నాడు. అది క్షమించడమో, దెప్పడమో నాకు తెలియలేదు.

ఆషాఢం వాన లేకుండా ఒట్టిగానే పోయింది. నిమ్మ చిగురించలేదు. ఆ పచ్చ గీత కూడా గోధుమరంగుకు తిరిగిన రోజు నేను చెప్పకముందే, ఆయన తడిమి తెలుసుకున్నాడు. దానిమ్మ మాత్రం శ్రావణంలో నాలుగు చోట్ల చిగురేసింది. నందివర్ధనాన్ని, కాగితంపూలను నేను కదిలించలేదు కాబట్టి అవి అలాగే ఉన్నాయి. మెట్టు నుంచి తొట్టి దాకా నైలాను తాడు కట్టించాను. ఆయనకు ఆ తాడంటే అసహ్యం. అయినా పట్టుకొని నడుస్తాడు, చేతులు కడుక్కునే తొందర ఉన్నవాడిలా తల దించుకొని.

వేలు మానింది. ఆ మాట కూడా చెప్పాలి. దానికోసమే కదా ఇదంతా చేసింది.

ఇప్పుడు ఆ పెరట్లో ఒక్క ఎండుకొమ్మ తీయాలన్నా ఆయన్ను అడుగుతాను. దానిమ్మకు ఈ పక్క రెమ్మ ఉంచమంటావా, తీసేయమంటావా అని. వెనకటి మనిషైతే ఆ ఒక్క రెమ్మ గురించి పూటంతా చెప్పేవాడు. ఇప్పుడు మొహం కిటికీ వైపు తిప్పుకొని, "నీ ఇష్టం," అంటాడు. కట్టరు చేతిలో పట్టుకొని, ఇంకొక మాట అంటాడేమోనని నేను కాసేపు అక్కడే నిలబడతాను.