పురుగుల పార్టీ

ఎన్నికలప్పుడు వేమగల్ పక్కన మా ఊళ్లో పట్టుపురుగులు పెంచే పెద్దమ్మను ఎదుటి పార్టీ మనిషని చాటింది నేనే. మమ్మల్ని తరమడానికి ముందురోజు ఆమె ఆ పార్టీవాళ్లనూ తరిమిందని తెలిసీ చెప్పలేదు.

ఎవరొచ్చినా గడపలోనే వాసన చూసేది. పొగ, సెంటు పురుగులకు పడవు. పటాకులతో మా ఊరేగింపు వస్తే చీపురుతో అడ్డం నిలబడి, ముందున్న నన్ను వాసన చూసింది.

"సెంటులో మునిగొచ్చినావా అప్పా? పురుగులు నిద్రపోతా ఉండాయి, పో!"

అందరూ నవ్వారు. నాకు మండింది.

నా మాట నమ్మి ఎవరూ ఆమెకు మల్బరీ ఆకు అమ్మలేదు. సగం పురుగులు చచ్చాయి.

రెండేళ్లకు ఆకు గంపతో వెళ్లాను. వాసన చూసి రానిచ్చింది.

"తప్పు నాది పెద్దమ్మా," అని గొణిగాను.

"నింద వీధిలో అరిచినావే, ఇది చెవిలో చెప్తావా?"

"పురుగులు నిద్రలో..."

"అవి లేచినాయి. ఇంగ పోయి అరువప్పా!"

వీధి మధ్యలో నిలబడి అరిచాను: "పెద్దమ్మది పురుగుల పార్టీ! అబద్ధమాడింది నేను! క్షమించు పెద్దమ్మా!"