దబ్బనంతో కుట్టిన నలుగురు వీరులు

ఆ రోజుల్లో మనిషి సిగ్గుపడే సంగతులు నాకు తెలిసి రెండే. ఆకలేస్తోందని చెప్పడం ఒకటి, అక్షరం రాదని చెప్పడం ఒకటి. మొదటి సిగ్గు నేను చిన్నప్పుడే వదిలేసేను (ఎవరింట్లో విస్తరి వేస్తే వాళ్ళింట్లో కూర్చునేదాన్ని). రెండోది వదలడానికి నాకు నలభై అయిదేళ్ళొచ్చేయి. మా ఊరి అంగన్‌వాడీ అరుగు మీద, నా కూతురు ఈడు పంతులమ్మ ఒకర్తి నా వేలు పట్టుకుని దిద్దించింది. ఇప్పుడు చెప్పబోయేది అంతకు చాలా ముందరి మాట. అప్పుడు ఆమదాలవలసలో ఉప్పుడు బియ్యం మిల్లులో కూలికెళ్ళేదాన్ని. మొన్న మా తమ్ముడి మనవడొచ్చి కదిపేడు కాబట్టి కదిలింది గాని, లేకపోతే నాతోపాటే పోవలసిన సంగతి.

వీడు విశాఖపట్నంలో బొమ్మల పుస్తకాలు వేసేచోట బొమ్మలు గీస్తాడు. పెళ్ళి శుభలేఖంత మందం కాగితాలతో ఒక పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టేడు. జనం మరిచిపోయిన పాతకాలం వీరుల్ని వెతికి తీసి, ముగ్గురినీ ఒక జట్టు కట్టి, కొత్త కథలు రాయిస్తున్నారట. "మామ్మా, వీళ్ళు ఎవరి పుస్తకంలో వాళ్ళే ఉండేవారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడలేదు. అందరినీ కలపడం మాదే మొదలు," అన్నాడు, కలికాలంలో గంగను దింపినవాడిలాగ. తిరగేసేను. నేను ఎరిగినవాళ్ళే. కాని ఒక్కడి మొహాన నవ్వుంటే ఒట్టు. మొదటి పేజీనుంచి ఆఖరి పేజీదాకా ఒకటే వాన. గాజుమేడలో బల్ల చుట్టూ కూర్చుని ఒకటే మీటింగు. మా కాలంలో రెండో బొమ్మకే గుద్దు పడేది. వీళ్ళు పుస్తకం సగానికి గాని కుర్చీల్లోంచి లేవరు.

"ఒరే, ఈళ్ళింట్లో ఎవులైనా పోయేరేటి?" అన్నాను.

"అది కాదు మామ్మా. వాళ్ళకి బాధాకరమైన గతం పెట్టేం. ఇప్పటి పాఠకులకి అది కావాలి."

"గతం నాకూ ఉన్నాది. నానేటి మూతి ముడుసుకొని గాజుమేడలో కూకున్నానా?"

వాడు నవ్వేడు గాని లోపల గుచ్చుకుంది. గుచ్చుకోనీ. ఈ జట్టు కట్టడమన్నది వాడు పుట్టకముందే, వాడి తండ్రి కూడా పుట్టకముందే, నేను చేసేను. అదీ అక్షరం రాక చేసేను. వాడి జట్టులో ముగ్గురే. నా జట్టులో నలుగురు.

మా అక్క మొగుడు, అంటే మా బావ, రైలు స్టేషన్లో టీ అమ్మేవాడు. దిగిపోయినవాళ్ళు సీట్లలో వదిలేసిన పుస్తకాలు ఏరుకొచ్చి పకోడీలకి చింపేవాడు. బొమ్మలున్న కాగితాలు మటుకు, మరదలు ముచ్చటపడుతుందని నాకిచ్చేవాడు. అట్టల్లేవు, మొదళ్ళు లేవు, చివర్లు లేవు. అవి నాలుగు వేరువేరు పుస్తకాలని నాకెలాగ తెలుస్తుంది? గోనెసంచులు కుట్టే దబ్బనం, పురికొస తీసుకుని అన్నీ కలిపి ఒక్క పుస్తకంగా కుట్టేసేను. వరస కూడా నా బుద్ధికి తోచినట్టే పెట్టేను. పొద్దు పొడిచిన బొమ్మలు ముందు, మిట్టమధ్యాహ్నం బొమ్మలు నడుమన, చంద్రుడున్నవి చివర్న. దాంతో ఏమయిందంటే, తెరచాప కట్టుకుని సముద్రంలో తిరిగేవాడు, గుడ్లగూబ ముసుగు దొర, కొరడా పట్టుకున్న ఆడమనిషి, ఇత్తడి మొగం తొడుక్కున్న పొడుగాటోడు, నలుగురూ ఒక్క రోజులో ఒక్క ఊళ్ళో పడ్డారు. ఇక చుట్టాలు కాక ఏమవుతారు?

మధ్యాహ్నం గంజి తాగేక ఆ పుస్తకం చూసుకుంటూంటే, మాలో పెద్దది, అందరం పెద్దప్ప అనేవాళ్ళం, అడిగింది. "ఒసే గుంటా, నీకు సదువొచ్చేటి?" ఊఁ అన్నాను. ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి. "అలాగైతే ఆ రేకు నీడన కూకొని మాకు సదివి ఇనిపించు. నీ వంతు మేం తొక్కుతాం," అంది. మిల్లు పనెరగనివాళ్ళకి ఆ మాట విలువ తెలీదు. ఉడకబెట్టిన ధాన్యం సిమెంటు కళ్ళం మీద పోసి, ఎండలో వట్టి కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిప్పుతూ ఉండాలి. కింద సిమెంటు, పైన సూర్యుడు, నడుమన మనం. అరికాళ్ళు పెసరట్టులా తిరగబడేవి. ఒక్క ఊఁతో నాకు నీడ దొరికింది. వదులుతానా?

చదవడం మొదలెట్టేను. వేలు అక్షరాల కింద నడిపించేదాన్ని (బస్సు మీద ఊరిపేరు చదివే పెద్దమనుషులు అలాగే చేసేవారు, చూసేను). ఇత్తడి మొగపోడు పెట్టె చంకన పెట్టుకుని పరిగెత్తే బొమ్మొకటుంది. వెనకాల కర్రలు పట్టుకుని పదిమంది. "సెల్లికి సారె అట్టుకెళ్తన్నాడు. ఊరోళ్ళు సాగనంపుతున్నారు," అని చదివేను. ఆ చెల్లెలే కొరడా ఆవిడ. మిగతా ఇద్దరూ తమ్ముళ్ళు. తల్లి లేని పిల్లలు, అన్నే పెంచేడు. చిన్నప్పుడు చెల్లెల్ని మంటల్లోంచి తీస్తే మొహం కాలింది, అందుకే ఆ ఇత్తడి తొడుగు. పెద్దప్ప కొంగుతో కళ్ళొత్తుకుంది. బాయిలరు దగ్గర మేస్త్రీ బీడీ ఆర్పేసి మరీ విన్నాడు. అలాగ నెలరోజులు నా అరికాళ్ళు రాణీగారివైపోయేయి.

అప్పుడు దిగింది పార్వతీపురం కోడలు. అయిదో తరగతి పాసయి, మా వీధికి కాపరానికొచ్చి, మిల్లులో చేరింది. రెండు రోజులు నోరెత్తకుండా చాళ్ళు తీసింది. మూడో రోజు నా వెనకాల నిలబడి, "వదినా, ఆడి నోటికాడి మాటల బుడగలో నాలుగు ముక్కలే ఉన్నాయి. అరగంటనించీ సదువుతున్నావేటి?" అంది. పుస్తకం లాక్కుని గట్టిగా చదివేసింది. "'నగలు దొరికేయి, పోలీసులొచ్చేలోగా పారిపోదాం.' ఈడు దొంగ. ఈ పక్క పేజీ ఇంకో పుస్తకంలోది. ఈ ఆడది ఈడికి సెల్లీ కాదు, పిల్లీ కాదు."

కళ్ళం మీద కాళ్ళన్నీ ఆగిపోయేయి.

"మా ఇత్తడి మొగపోడు దొంగేటి?" అని లేచింది పెద్దప్ప. "సారె అట్టుకెళ్ళినోడు దొంగేటే? నీ కళ్ళు పేలిపోను!"

"నాను రాసేనేటి పెద్దప్పా? అందులో ఉన్నాది సదివేను."

పెద్దప్ప నావైపు తిరిగింది. నిజం చెప్పే ధైర్యం లేదు, అబద్ధమాడే దమ్మూ లేదు. కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డాను. చాలు, ఆవిడకి అర్థమైపోయింది. "నెల్లాళ్ళు మా కాళ్ళు కాల్సేవు గదే, దొంగముండా!" అని నీడలోంచి నన్ను లేపి ఆ కోడల్ని కూర్చోబెట్టేరు.

రెండ్రోజులు ఆవిడ ఉన్నదున్నట్టు చదివింది. తెరచాపవాడు "దిక్కు ఉత్తరం" అనేవాడు, తిప్పితే గుడ్లగూబ దొర "తుపాకీ దించు" అనేవాడు. దేనికీ మొదలు లేదు, తుద లేదు. వింటూ వింటూ మేస్త్రీ నిద్రపోయేడు. మూడో రోజు పెద్దప్ప తీర్పు చెప్పేసింది. "ఒలే సదువులమ్మా, నువ్వూ లెగిసి తొక్కు. నీడ ఎవులికీ నేదు. ఒసే అబద్ధాలదానా, నువ్వు తొక్కుతూ సెప్పు. ఆపేవంటే ఊరుకోను."

అలాగ నా నీడా పోయింది, పరువూ పోయింది. ఎండలో చాళ్ళు తీస్తూ, పుస్తకం లేకుండా, అందరూ అబద్ధమని ఎరిగిన కథ గొంతెత్తి చెప్పేదాన్ని. పార్వతీపురం కోడలు మూతి మూడు వంకర్లు తిప్పుకుంటూ కళ్ళం ఆ చివరని తొక్కేది. వారం తిరిగేసరికి నడిమికొచ్చింది. ఇంకో వారానికి నా పక్క చాలులో ఉంది. ఒకరోజు ఎవరికీ వినపడకుండా అడిగింది. "వదినా, ఆ సెల్లికి సారె అందిందేటి?"

నాకేం తెలుసు? ఆ తరవాతి పేజీ ఏ ఊరి రైలుపెట్టెలో ఉండిపోయిందో. అయినా అన్నీ తెలిసినదానిలాగ మొహం పెట్టి, గొంతు సవరించుకుని, నాలుగడుగులు ఊరికే నడిచేను. పద్దెనిమిదేళ్ళదానికి ఆ పెద్దరికమేమిటో, తలుచుకుంటే ఇప్పటికీ నాలో నేనే నవ్వుకుంటాను.

"అందుతాది," అన్నాను. "కంగారు పడకు."