అత్తయ్య కారు స్టీరింగు

మా అత్తగారు ఎముకల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యారు. డ్రైవరు రాని రోజుల్లో ఆసుపత్రి వ్యాను తానే నడిపేదాన్నని చాలాసార్లు చెప్పారు. నేను ఊఁ కొట్టేదాన్ని. తెనాలిలో ఎవరో ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కడుతూ, షెడ్డులో ఉన్న పాతకాలపు కారును తూకానికి వేసేస్తున్నారని ఆవిడకెలా తెలిసిందో తెలియదు. ఒక శనివారం మధ్యాహ్నం నేను పాఠాలు చెప్పే బడి నుంచి రేపల్లెలోని మా ఇంటికి వచ్చేసరికి గేటు ముందు లారీ ఆగి ఉంది. దాని మీంచి నల్ల కారొకటి దిగుతోంది. గుండ్రటి దీపాలు, ఉబ్బెత్తు బానెట్టు, ఎర్ర రెగ్జిన్ సీట్లు. అత్తయ్య చెప్పులు కూడా లేకుండా నిలబడి లారీ వాళ్లకు దారి చూపిస్తున్నారు.

సాయంత్రం మావారు వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

"దీన్నెవరు నడుపుతారమ్మా?"

"నేను" అన్నారావిడ, అందులో అడగడానికేముందన్నట్టు.

తెనాలి మెకానిక్కు ఒకతను వచ్చిపోతూ ఇంజను, బ్రేకులు దారికి తెచ్చాడు. ఇంజను మొదటిసారి దగ్గి, ఆగి, మళ్లీ అందుకుని నిలకడగా మోగినప్పుడు నేను వంటింట్లోంచి గరిటతో సహా పరిగెత్తుకొచ్చాను. అప్పటిదాకా అది అత్తయ్య కారు. ఆ చప్పుడు విన్నాక నాది కూడా అనిపించింది.

స్టీరింగు చక్రాన్ని బాగుచేసే పని అత్తయ్యా నేనూ తీసుకున్నాం. దాని నల్లటి పిడి ఎండకు బీటలు వారి, లోపలి ఇనుము కనపడుతోంది. హాక్సా బ్లేడు ముక్కతో బీటల్లోని మురికి గీకి, అంచులు కాస్త వెడల్పు చేసి, రెండు ట్యూబుల జిగురు కలిపి కూరాం. మర్నాటికి అది రాయిలా గట్టిపడింది. అప్పుడు సాండ్ పేపరుతో రుద్దడం. నేను తొందరపడి గట్టిగా రుద్దుతుంటే, పుండు కడుగుతున్నంత నెమ్మదిగా చెయ్యమనేవారు అత్తయ్య. నల్ల రంగు పూసి ఆరాక వేలితో తడిమితే ఎక్కడా అతుకు తగల్లేదు. ఇంక కారు రోడ్డెక్కడమే తరువాయి అనుకుని సంబరపడిపోయాను.

చక్రం బిగించి, అత్తయ్య సీట్లో కూర్చుని అటూ ఇటూ తిప్పి చూశారు. మళ్లీ తిప్పారు. తన చెయ్యి కదిలిన కాసేపటికి గానీ టైరు కదలడం లేదన్నారు. మెకానిక్కు కిందికి దూరి, స్టీరింగు తిప్పుడును చక్రాల దాకా చేరవేసే ఇనప చేతిని ఊడదీశాడు. డ్రాప్ ఆర్ము అంటారట. మూరెడు కూడా లేదు. గ్రీజు తుడిచి చూస్తే బాగానే ఉంది. బిగింపు వదులై ఉంటుందన్నాడతను. అత్తయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని దాని సన్నటి మెడ దగ్గర గోటితో గీశారు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్న కాలు కూడా ఒక్కోసారి విరిగే ఉంటుందని, ఊరికే వదలకూడదని పట్టుబట్టారు.

మెకానిక్కుకు వెంటనే ఒక ఉపాయం తట్టింది. చిన్న బకెట్టులో డీజిలు పోసి ఆర్మును నానబెట్టాడు. నేను నా బడి సంచిలోంచి సుద్దముక్కలు తీసి పొడి చేశాను. అత్తయ్య ఆ పొడిని స్పిరిట్‌లో కలిపారు. నానిన ఇనుమును పొడిగా తుడిచి ఆ తెల్లటి నీళ్లు పూస్తే, స్పిరిట్ ఎగిరిపోయి సున్నం వేసినట్టయింది. ముగ్గురం దాని మీదికి వంగి కూర్చున్నాం. తెల్లటి దాని మీద తడి చుక్క ఒకటి లేచింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే చుక్కలు కలిసి, మెడ చుట్టూ సగం దాకా సన్నటి గీత పడింది. లోపల దాగిన డీజిలు బీటలోంచి పైకొస్తోంది. ఒళ్లు జల్లుమంది. భయంతోనో, దాన్ని పట్టుకున్నామన్న సంతోషంతోనో చెప్పలేను.

వెల్డింగు పెట్టించచ్చా అని నేనడిగాను.

"పెట్టచ్చండి. ఆ తరవాత నేనైతే ఆ కారెక్కను" అన్నాడతను.

కొత్తది ఎక్కడా దొరకదు. అయితే ఇదే రకం కారు బాపట్లలో వ్యవసాయ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారింట్లో చూశానన్నాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చీ రాగానే అత్తయ్యా నేనూ బాపట్ల బస్సెక్కాం.

మాస్టారి కారు పెరట్లో రేకుల షెడ్డు కింద ఉంది. ఇంజను పగిలి ఏళ్లయిందట. గుమ్మడి తీగ కిటికీలోంచి దూరి వెనక సీట్లో పూత పూసింది. మేం వచ్చిన పని చెప్పగానే ఆయన మొహం ముడుచుకుపోయింది.

"ఇది పాడైపోయిన కారు కాదమ్మా. ఆగిన కారు" అన్నారు.

అత్తయ్య మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కూర్చుని చూడచ్చా అని మాత్రం అడిగారు. తీగ పక్కకు జరిపి సీట్లో కూర్చుని, క్లచ్చు తొక్కి, గేరు ఎక్కడెక్కడ పడుతుందో చూశారు. రెండో గేరు గట్టిగా ఉందేం అన్నారు. అది మొదటి నుంచీ అంతేనని మాస్టారు పక్క సీట్లోకి ఎక్కారు. ఇక వాళ్లిద్దరి మాటలకు అంతు లేదు. మలుపుల్లో బ్రేకు ఎలా పడుతుంది, వానలో బురద దారిన ఎలా తోలాలి, భార్యను వెంటబెట్టుకుని ఆయన సూర్యలంక తీరానికి ఎలా వెళ్లొచ్చేవారు. నేను అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, ఇంకో గ్లాసు కూడా తాగాను. ఉత్త చేతులతోనే వెళ్లిపోతామని మనసులో రాజీపడుతుండగా, ఆయన లోపలికి వెళ్లి పానాల పెట్టె తెచ్చారు.

"ఒక మాట చెల్లెమ్మా. కారు రోడ్డెక్కాక మొదట ఇక్కడికే తేవాలి, నేనూ ఎక్కుతాను."

"మొదట మీ దగ్గరికే అన్నయ్యగారూ."

తెనాలి నుంచి మెకానిక్కును పిలిపించి ఊడదీయించాం. బకెట్టు, డీజిలు, సుద్ద మళ్లీ సిద్ధం. ఈసారి నలుగురం చుట్టూ చేరాం. తెల్లటి పూత ఆరింది. మెడ దగ్గర ఏదో నల్లగా కనబడి ఇంకా దగ్గరికి వంగాను గానీ, అది అత్తయ్య నీడ. చుక్క లేదు, గీత లేదు. చాలాసేపు చూశాక మెకానిక్కు దాన్ని మాస్టారి చేతిలో పెట్టి, ఇది నిక్షేపంలా ఉందండి అన్నాడు. ఆయన తన బిడ్డను ఎవరో మెచ్చుకున్నట్టు నవ్వారు.

రేపల్లెలో మా కారుకు ఆ ఆర్ము బిగించాక మెకానిక్కు తానే ఊరి బయట దాకా తోలి, ఆపి, తిప్పి, మళ్లీ కిందికి దూరి చూసి, అప్పుడు తాళం అత్తయ్యకిచ్చాడు. చెరుకుపల్లి మీదుగా వెళ్తుంటే రెండు పక్కలా పచ్చటి వరి. ఎదురొచ్చే బస్సు డ్రైవర్లు వేగం తగ్గించి మరీ చూస్తున్నారు. అత్తయ్య వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, మలుపుల దగ్గర పెదాలు బిగించి తిప్పుతున్నారు. చెయ్యి ఎంత కదిలితే కారు అంత తిరుగుతోంది. నేను అద్దం దించి గాలికి జుట్టంతా చెదరగొట్టుకుని చిన్నపిల్లలా నవ్వాను.

బాపట్లలో మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఆయన్ని ఎక్కించుకుని సూర్యలంక దారి పట్టాం. సరుగుడు తోటల దగ్గర రోడ్డు ఖాళీగా కనిపించగానే అత్తయ్య కారు పక్కకు ఆపి, కిందికి దిగి, వెనక తలుపు తీసుకుని నా పక్కన కూర్చున్నారు. ముందు సీట్లో మాస్టారికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తరవాత మెల్లగా డ్రైవరు సీట్లోకి జరిగి, అరచేతులు పంచెకు తుడుచుకుని స్టీరింగు పట్టుకున్నారు. కారు ఒక్క కుదుపు కుదిపి కదిలింది.

"రెండో గేరు వెయ్యండి అన్నయ్యగారూ" అన్నారు అత్తయ్య ముందుకు వంగి. "మాది గట్టిగా ఉండదు."