మా అన్న జెర్వాస్, అతని హద్దు చెట్టు

మా అన్న జెర్వాస్ లండ్ గుర్రపు డెక్కల చప్పుడు వింటే చేతిలో ఉన్నది కింద పెట్టేసేవాడు. చెంచా అయితే చెంచా, గొడ్డలి అయితే గొడ్డలి. ఆ చప్పుడు మా గుమ్మం దాటి పోయేదాకా మళ్ళీ ముట్టుకునేవాడు కాదు. యాభై ఏడేళ్ళు బతికిన మనిషి కథను ఇలా మొదలుపెట్టడం మర్యాద కాదని నాకు తెలుసు. కానీ నేను అతని చెల్లెల్ని, డోర్కస్‌ని. పెళ్ళి చేసుకోకుండా జీవితమంతా అతనితో ఒకే కప్పు కింద ఉన్నదాన్ని. భయాన్ని తీసేసి మా అన్న గురించి చెప్పమంటే చెప్పడానికి సగం మనిషే మిగులుతాడు.

మేము మాలో మేము మిత్రులమని పిలుచుకుంటాం. లోకం మాత్రం మమ్మల్ని క్వేకర్లు అంటుంది, అంటే వణికేవాళ్ళని వెక్కిరింపు. "మిగతావాళ్ళు దేవుడి ముందు వణుకుతారు, నువ్వు కోడిపుంజు ముందు కూడా వణుకుతావు" అని నేనే ఎన్నోసార్లు ఆటపట్టించాను. అన్న నవ్వేవాడు. నవ్వుతూనే కిటికీ వైపు ఓ చూపు చూసేవాడు.

ఆ భయం ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టింది. అక్కడ అన్న ఉన్ని దువ్వే పని చేసేవాడు. రాజుకు విధేయుణ్ణని బైబిలు గ్రంథం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చెయ్యమన్నారు. మా వాళ్ళు ప్రమాణం చెయ్యరు. చెయ్యి పెట్టి చెప్పినప్పుడే నిజమైతే, పెట్టకుండా చెప్పే మాటలన్నీ ఏమిటని మా ప్రశ్న. అన్న చెయ్యనన్నాడు. ఒక పొద్దున నలుగురు మనుషులు గుర్రాల మీద వచ్చి ఆవును తోలుకుపోయారు, ఉన్ని దువ్వెనలు తీసుకున్నారు, పరుపు తీసుకున్నారు, చివరికి పొయ్యి మీద కుండ కూడా దించారు. అందులో జావ ఉడుకుతోంది. దాన్ని మా గుమ్మంలోనే ఒలకబోసి కుండ పట్టుకుపోయారు. నాకప్పుడు పదిహేనేళ్ళు. జావ పోయిందని నాకు ఒళ్ళు మండింది. అన్నను తొమ్మిది నెలలు జైల్లో పెట్టారు. తిరిగొచ్చాక కూడా అతను ఆ గుమ్మంలో జావ ఒలికిన చోట కాలు పెట్టేవాడు కాదు, పక్కకు జరిగి దాటేవాడు.

అందుకే సముద్రం దాటాం. అమెరికాలో డెలావేర్ నది ఒడ్డున, పశ్చిమ జెర్సీలో, కాగితం మీద నూరెకరాలు మావి. ఓడలో మశూచి సోకి పోయిన పదకొండు మందిని నీళ్ళలోకి దించారు. మొదటి చలికాలం నది గట్టును తవ్వుకుని ఆ బొరియలోనే బతికాం. పైన తోడేళ్ళు తిరుగుతుంటే నాకు గుండె ఆగినంత పనయ్యేది. అన్నకు తోడేళ్ళ బాధ లేదు. "ఈ నేల మాది కాదని ఎవరైనా వస్తే?" అని అడిగేవాడు. ఆ మంచులో, ఆ అడవిలో ఎవరొస్తారు? అయినా అడిగేవాడు.

వసంతంలో సర్వేయర్ ఐజాక్ పెల్ నేల కొలిచే గొలుసు పట్టుకుని వచ్చాడు. మనుషులు చాలక గొలుసు రెండో కొస నన్నే పట్టుకోమన్నారు. వాగు ఒడ్డున మొదలుపెట్టి, కంపల్లోంచి, బురదలోంచి గొలుసు లాక్కుంటూ పైకి వెళ్ళాం. గట్టు మీద పెద్ద తెల్ల ఓక్ చెట్టు దగ్గర పెల్ ఆగాడు. గొడ్డలి తీసి దాని మానుకు మూడు గాట్లు పెట్టాడు. మా పత్రంలో కూడా అంతే రాశాడు: మూడు గాట్లున్న తెల్ల ఓక్ దాకా. అన్న ఆ గాట్లను వేళ్ళతో తడిమి తడిమి చూశాడు. పెళ్ళికూతురి ముఖం కూడా తర్వాత అంతసేపు చూడలేదు.

ఆ పెళ్ళికూతురు థామసిన్. నెమ్మదస్తురాలు, నాలా నోరు గలది కాదు. ఆమె పుట్టింటివాళ్ళు ఇచ్చిన దాంతో వాగుకు అవతల ఇంకో అరవై ఎకరాల చిత్తడి నేల కొన్నాం, పశువుల గడ్డికి. గట్టు మీద ఇల్లు కట్టాం. ఇంటి పక్కనే ఊట, ఊట దిగువన ఇరవై ఆపిల్ మొక్కలు. ఎనిమిదేళ్ళకు థామసిన్ పురిటిలో పోయింది, బిడ్డా దక్కలేదు. ఇద్దర్నీ ఒకే గోతిలో పెట్టాం. సమాధి మీద రాయి పెట్టడం మాలో లేదు. చచ్చినవాళ్ళలో గొప్పా బీదా ఉండకూడదని అలా పెట్టుకున్నారు పెద్దలు. మూడేళ్ళలో గడ్డి పెరిగి ఆ చోటు ఆనవాలు లేకుండా పోయింది. ఓక్ చెట్టు నుంచి ఊట వైపు నలభై అంగలు వేస్తే వాళ్ళున్న చోటు. అన్నకూ నాకూ తప్ప ఆ లెక్క ఎవరికీ తెలియదు.

ఏటా మూడో నెలలో, నదిలోకి షాడ్ చేపలు ఎదురెక్కే రోజుల్లో, ఊరంతా వలలు పట్టుకుని నీళ్ళలో ఉంటే మా అన్న గొడ్డలి పట్టుకుని హద్దు మీద ఉండేవాడు. ఓక్ మీద గాట్ల చుట్టూ బెరడు ఉబ్బి వాటిని పూడ్చడానికి వచ్చేది. అది చూస్తే అతనికి చెమటలు పట్టేవి. మళ్ళీ చెక్కేవాడు, చెక్క తెల్లగా కనబడేదాకా.

"అన్నయ్యా, అందరూ చేపలు పడుతుంటే నువ్వు ఈ చెట్టును పట్టుకున్నావేంటి?"

"గాటు పూడిపోతోంది డోర్కస్. పూడిపోతే మనదని ఎవరు నమ్ముతారు?"

"నేను చూశాగా!"

"నువ్వు చూశావు. నిన్నెవరు నమ్ముతారు?"

ఒకసారి బుట్టలు అమ్మే లెనపే తెగ ముసలామె అటుగా వచ్చింది. ఒకప్పుడు ఆ గట్టు ఆమె వాళ్ళదే. మాటలు కూడబలుక్కుంటూ మా భాష మాట్లాడేది.

"ఏటేటా దీన్ని కొడతావు. ఏం చేసిందయ్యా నిన్ను? రాత్రికి రాత్రి పారిపోతుందనా?"

నేను పడీ పడీ నవ్వాను. ఆమె నవ్వలేదు. "నేల పోయింది మాకు. భయం మాకుండాలి. నీకెందుకు?" అంది. ఆ రోజు గాట్లు సగం చెక్కి వదిలేశాడు. మర్నాడు వెళ్ళి మిగతా సగం చెక్కి వచ్చాడు.

ఇలా పాతికేళ్ళు గడిచాయి. ఈలోగా మా వలస ప్రాంతం రాణిగారి చేతికి పోయింది, కొత్త అధికారులు వచ్చారు. వాళ్ళతో పాటే కెప్టెన్ తాంప్లిన్ వచ్చి మా పక్క నేల కొన్నాడు. మా ఊట మీద అతని కన్ను పడింది. మా పత్రంలో చెప్పిన ఓక్ గట్టు మీదిది కాదని, కింద వాగు దగ్గర ఇంకో ఓక్ ఉందని, అదే అసలు హద్దని కోర్టుకెక్కాడు. ఆ రెండు చెట్ల మధ్య డెబ్బై ఎకరాలు. ఇల్లు, ఊట, ఆపిల్ తోట, థామసిన్, అన్నీ అందులోనే. ఐజాక్ పెల్ పోయి పన్నెండేళ్ళయింది.

కోర్టు తరఫున ఒక సర్వేయర్ వచ్చాడు. మనిషి మంచివాడే. వాగు దగ్గర ఓక్ మీద ఏదో పాత మచ్చ ఉంటే అక్కడ చెక్కి చూసి, గట్టు మీదికి వచ్చాడు. చుట్టూ ఇరుగుపొరుగు చేరారు.

"చెట్టు అబద్ధమాడదు. గాటు పెట్టాక దాని మీద ఏడాదికో వలయం పేరుకుంటుంది. పాతిక వలయాలుంటే పాతికేళ్ళ కిందటి గాటన్నమాట. కింద చెట్టు మీద ఇరవై రెండున్నాయి, మూడు తక్కువ" అన్నాడు.

నేను అన్న వైపు చూశాను. రక్తం ఇంకిపోయి అతని ముఖం పిండిలా ఉంది. అతనికి అప్పుడే అర్థమైంది. నాకు ఇంకో క్షణం పట్టింది.

సర్వేయర్ ఉలితో గాటు అంచు తీసి చూశాడు. మళ్ళీ చూశాడు. "ఇది పోయిన వసంతంలో కొట్టింది. దీని మీద ఒక్క వలయమూ లేదు."

తాంప్లిన్ గుర్రం మీద నుంచే పగలబడి నవ్వాడు. "ఏం లండ్, నీ పాతికేళ్ళ గాటుకు ఇంకా ఏడాది కూడా నిండలేదే!"

"ఏటా నేనే చెక్కాను" అన్నాడు అన్న.

"ఎందుకు?" అని అడిగాడు సర్వేయర్.

"భయమేసి."

ఈసారి ఇరుగుపొరుగు కూడా నవ్వారు. వాళ్ళలో మా మిత్రులూ ఉన్నారు, వాళ్ళను నేను ఇప్పటికీ క్షమించలేదు. ఏ గాట్లు తన నేలను కాపాడతాయని నమ్మాడో, వాటి నోరు తన చేత్తోనే నొక్కేశాడు మా అన్న.

ఇక మిగిలింది నోటి సాక్ష్యం. కోర్టు గదిలో కాలు పెట్టగానే బంట్రోతు అన్న తల మీద టోపీ లాగేశాడు. మేం మనుషులకు టోపీ తియ్యం. అన్న ముసలి తల చలికి వణుకుతోందో భయానికి వణుకుతోందో నాకు తెలియలేదు. జడ్జి కఠినుడేం కాదు. విసుగు దాచుకుంటూ చెప్పాడు.

"చూడవయ్యా లండ్, గట్టు మీది చెట్టుకే పెల్ గాట్లు పెట్టాడని ఈ గ్రంథం మీద చెయ్యి పెట్టి ఒక్క మాట చెప్పు. రాసుకుంటాను. నీ నేల నీకుంటుంది."

"చెయ్యి పెట్టకుండానే చెబుతున్నా. పెట్టాడు. నువ్వు అదే రాసుకో."

"జడ్జిగారిని 'నువ్వు' అంటావా?" అని గుమాస్తా లేచాడు.

"అందర్నీ అలాగే అంటాను. రాణిగారినైనా" అన్నాడు అన్న.

"ప్రమాణం లేని మాటను నేను సాక్ష్యంగా రాయలేను" అన్నాడు జడ్జి. గ్రంథాన్ని ఇంకాస్త ముందుకు జరిపాడు.

అన్న కుడి చెయ్యి లేచింది. బల్ల అంచు దాకా వెళ్ళింది. వేళ్ళు గాలికి ఆకుల్లా కొట్టుకుంటున్నాయి. పెడతాడేమోనని నాకు భయం, పెట్టడేమోనని అంతకంటే భయం. పెడితే మా మిత్రుల సమావేశం అతన్ని వెలివేస్తుంది. పెట్టకపోతే ఈ వయసులో మాకు గూడు లేదు. పెట్టు అన్నయ్యా, పెట్టు అని నేను లోపల లోపల వేడుకున్నాను. దాచను, అదే వేడుకున్నాను.

చెయ్యి వెనక్కి వచ్చింది.

"ఆ రోజు అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు జడ్జి.

"నేనున్నాను. గొలుసు కొస పట్టుకున్నది నేనే" అంటూ లేచాను.

"ప్రమాణం చేస్తావా?"

"చేస్తాను."

బల్ల దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాను. వెలివేస్తే వెయ్యనీ, ఒంటరిదాన్ని, నాకు పోయేదేముంది అనుకున్నాను. నా వేళ్ళు గ్రంథాన్ని తాకబోతుండగా అన్న వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ చెయ్యి వణకడం లేదు.

"వద్దు పిల్లా. ఇంటికి పోదాం పద."

"ఇల్లే పోతోందయ్యా బాబూ!"

"అయితే ఇంకెక్కడికో పోదాం."

"థామసిన్ అక్కడుంది" అన్నాను. కావాలనే అన్నాను, గుచ్చుకోవాలని.

అన్న కళ్ళు మూసి తెరిచాడు. "ఉండనీ. ఆమెను ఎవరూ గుర్రం మీద వేసుకుపోలేరు. నిన్ను మాత్రం నా కోసం అబద్ధపు మనిషిని చెయ్యను."

"నేను చెప్పేది నిజమే కదా!"

"నిజమే. దానికి ఆ చెయ్యి అక్కర్లేదు."

బంట్రోతు చేతిలో టోపీ తీసుకుని, తల మీద పెట్టుకుని, జడ్జి ముందు నుంచే నడిచి బయటికి వచ్చాడు. సాక్ష్యం లేక డెబ్బై ఎకరాలు తాంప్లిన్‌కు పోయాయి.

వాగుకు అవతల చిత్తడి నేలలో ఒంటి గది ఇల్లు వేసుకున్నాం. మోకాటి లోతు బురద, సాయంత్రమైతే దోమలు, ఏడాదికి రెండుసార్లు చలిజ్వరం. నేను ఏడాది పాటు అన్నతో సరిగా మాట్లాడలేదు. మొక్కజొన్న జావ గిన్నె అతని ముందు ఠక్కున పెట్టి పోయేదాన్ని. ఒకరోజు అలా పెట్టి తిరుగుతుండగా కట్ట మీద డెక్కల చప్పుడు వినబడింది. నాకే గుండె జల్లుమంది. వెనక్కి చూశాను. అన్న చెంచా కింద పెట్టలేదు. జావ ఊదుకుంటూ తింటున్నాడు.

"వినబడలేదా?" అన్నాను.

"వినబడింది. ఉప్పు తక్కువైంది."

ఆ తర్వాత నుంచీ మళ్ళీ మాట్లాడాను. మూడో నెల వచ్చినప్పుడల్లా అన్న వల పట్టుకుని నదికి వెళ్ళేవాడు. చేపలు పట్టడం బొత్తిగా రాదు, నీళ్ళలో జారిపడి తడిసి వచ్చేవాడు. హద్దుల ఊసే ఎత్తలేదు. అలా ఉండి ఉండి ఒక ఆకురాలు కాలంలో చలిజ్వరం తిరగబెట్టి పోయాడు. అతని మీద కూడా రాయి పెట్టలేదు.

మరుసటి నెలలో తాంప్లిన్ తన పశువుల కొట్టం దూలానికి గట్టు మీది ఓక్‌ను కొట్టించాడని తెలిసింది. చెట్టు లేకపోతే థామసిన్ ఉన్న చోటు నాకిక దొరకదు. మొద్దునైనా పెకలించకముందే చూడాలని వాగు దాటి వెళ్ళాను. ఇప్పుడది పరాయివాడి నేల, అడగకుండా అడుగుపెట్టాను.

మొద్దు ఇంకా ఉంది, గాట్ల మధ్యగా కోసి ఉంది. పాతికేళ్ళు చెక్కీ చెక్కీ లోపలికి పిడికిలి పట్టేంత నల్లటి గుంట. దాని అంచులను కమ్ముకుంటూ కొత్త చెక్క పెరిగింది. వంగి గోటితో లెక్కపెట్టాను. ఆరు వలయాలు. తప్పు పోయిందేమోనని మళ్ళీ లెక్కపెట్టాను. ఆరే. మా అన్న భయం లేకుండా బతికిన ఏళ్ళు ఆరు.

లేచి నిలబడి ఊట వైపు తిరిగాను. ఒకటి, రెండు, మూడు అని అంగలు వెయ్యడం మొదలుపెట్టాను. ఇరవై దాటాక వెనక గుర్రపు డెక్కల చప్పుడు వినిపించింది. "ఎవరది? ఏయ్, ఎవరది?" అని అరుపు. లెక్క తప్పుతానని వెనక్కి తిరగలేదు. ఇరవై ఒకటి, ఇరవై రెండు అనుకుంటూ నడిచాను.