తీతువు గూటి మీద పడ్డ ఎండ

1936 ఏప్రిల్ 12, ఆదివారం, ఉదయం ఆరుంపావు. నాందేడ్ దగ్గర గోదావరి ఒడ్డున, గులకరాళ్ల మధ్య, తుమ్మకొమ్మ నీడలో నాలుగు తీతువు గుడ్లు చూశాం. మా ఆయనది ఫొటో స్టూడియో. ఫొటో పడే గాజు ప్లేట్లు కడగడం, ప్రింట్లు వేయడం నా పని. ఆ ఏడు ఆయన చూపు పోతోంది. వానాకాలం దాకా నిలవదని వైద్యుడు చెప్పేశాడు. ఈలోగా ఒక్క అడవి పిట్టనైనా, దాని కంట్లో వెలుగు కనిపించేంత దగ్గరగా, తానే కెమెరా సరిచూసుకుని తీయాలని ఆయన కోరిక.

దగ్గరి ఫొటోకు ‘హైడ్’ కావాలి. అంటే మనిషి దాక్కునే గోనెపట్టా గుడారం. రోజూ కొంచెం కొంచెం గూటి వైపు జరిపాం. పక్కనే కరబూజ పాదులు పెట్టిన గంగారాం నవ్వేవాడు.

“పెండ్లిపిల్లకు గూడ గింత తిప్పలు పడరు వదినా! పిట్టకు పౌడరు గిట్ల పూస్తరా ఏంది?”

“నువ్వచ్చి కూసో, నీకే పూస్త” అన్నాను.

వారానికి గుడారం గూటి దగ్గరికి చేరింది. కెమెరా వెనుక ‘గ్రౌండ్ గ్లాస్’ అనే గరుకు అద్దం మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. ఆయన దానికి ముఖం ఆనించి విసుక్కున్నారు.

“నీడ చారలు చారలు వడ్తున్నదే. పిట్ట ఏదో, రాయి ఏదో తెలుస్తలేదు.”

“కొమ్మను తాడుతోని పక్కకు కడ్త. ఫొటో కాంగనే ఇడుస్త. ప్లేట్లు తెచ్చెదాక ఆగుండ్రి.”

కొమ్మను కట్టాలే గాని కొట్టకూడదు. ఆ పద్ధతి నాకు నేర్పింది ఆయనే. బండి దగ్గర్నుంచి ప్లేట్లు తెచ్చేసరికి కొమ్మ నేల మీద ఉంది.

“కొట్టేసిండ్రా?”

“ముడి ఎయ్యనీకె కండ్లేయి నాకు?”

బెదిరిన పిట్ట పైన అరుస్తూ తిరిగింది. పొద్దెక్కి రాళ్లు కాలాక గానీ దిగలేదు. దిగి, నోరు తెరిచి, రెక్కలు జార్చి గుడ్లకు నీడ పట్టింది. అప్పుడు తీశారు. కొమ్మను మళ్లీ రాళ్లలో గుచ్చాను గానీ మర్నాటికే దాని ఆకులు వాడిపోయాయి.

మే నెలలో పెద్ద ప్రింటు వేసి ఆయన చేతికిచ్చాను. కిటికీ వైపు తిప్పి చూశారు.

“కంట్ల ఎలుగు వడ్డదా?”

“వడ్డది.”

“నాకంత తెల్లగనే ఉన్నది.”

అప్పుడే గంగారాం గుమ్మంలోకి వచ్చాడు. “గుడ్లు మురిగినయి వదినా. ఆ పిచ్చిది ఇంక పొదుగుతనే ఉన్నది. లేపాల్నా?”

ఆయన ముఖం నా వైపు తిరిగింది. “నేను కొట్టిన కొమ్మకేనా?”

కాదనాలని నోటిదాకా వచ్చింది. అయినా అవునన్నాను.

ఫ్రేములో అడ్డమనిపించేది ఆ ప్రాణికి ఎందుకు అవసరమో ముందు చూడాలని నేర్చుకున్నాను. నేర్చుకున్నది వాడే అవకాశం రాలేదు. మేం మళ్లీ నదికి పోలేదు.

పోయినవి: నాలుగు గుడ్లు, రెండు కళ్లు. ఆయన ఇంకా ఆరేళ్లు బతికారు. ఆ ఆరేళ్లలో కెమెరా గురించి ఒక్క మాట మాట్లాడలేదు.